ఆ చప్పుడు గురించి

మాతోజీన్యుష్ రేవులో తెల్లారకముందే
మంచు పెట్టెల్లో సార్డీన్లు దిగుతాయి.
తలలు తీయడం, తోకలు కోయడం,
డబ్బాకి అయిదేసి పేర్చడం మా పని.
నాలుగు ఒకవైపు, ఒకటి తలకిందులు.
జుల్మీరా నేర్పింది నాకు, ముప్పైయేళ్ల కింద.

వల్దెమార్ మేనేజరుగా వచ్చిన కొత్తలో
మాకందరికీ నచ్చాడు. దాచను.
పేరు పెట్టి పిలిచేవాడు.
క్రిస్మస్‌కి తలా ఒక ఆలివ్ నూనె సీసా ఇచ్చి
ఎవరు ఎంతసేపు థాంక్స్ చెప్పారో గుర్తుపెట్టుకున్నాడు.
అది తర్వాత తెలిసింది.

ముందు డబ్బా మీద బొమ్మ మారింది.
ఎప్పటినుంచో ఉన్న పడవ పోయి
ఆయన మొహం, మీసంతో సహా.
మా వీధి దుకాణంలో అర నిండా వల్దెమార్లు
ఒక్కసారే నన్ను చూసి నవ్వారు.
ఉప్పు కొనడం మరిచి బయటికొచ్చేశాను.

ఆ తర్వాత సోమవారం మీటింగులు.
రబ్బరు బూట్లలో నిలబడి వినాలి,
చేతుల మీద పొలుసులు ఎండిపోతుండగా.
"నేను" అన్న మాట ఎన్నిసార్లొస్తుందో
దెయొలిందా ఏప్రాన్ జేబులో చిక్కుడు గింజలతో లెక్కపెట్టేది.
నలభై ఒకటి దాటాక, గింజలు చాలక, మానేసింది.
ఆయన తానా అంటే మేం తందానా.
మొదట్లో గొంతుతోనే.

ఉప్పునీళ్లు తగ్గిస్తే చేప చర్మం చిట్లదని
జుల్మీరా చెప్పింది, మార్చిలో.
మే నెలలో లిస్బన్ నుంచొచ్చిన పెద్దలకి
తనకు కల్లో తట్టిందని చెప్పాడు వల్దెమార్.
జుల్మీరా చప్పట్లు కొట్టింది.
అందరికంటే గట్టిగా కొట్టింది.
ఆ రోజు నుంచి చేపలతో తప్ప
ఎవరితోనూ మాట్లాడలేదు.

మూతలు బిగించే మిషను మొరాయిస్తే
ఫిర్మీనో చెవి ఆనించి రోగం చెప్పేవాడు.
ఓ సోమవారం అందరి ముందూ
"మిషను నాది, చెవి నీది.
రెంట్లో ఏది పాతబడిందో నాకు తెలుసు" అన్నాడు వల్దెమార్.
మేం నవ్వాం. నవ్వమని ఎవరూ చెప్పలేదు.
నేనూ నవ్వాను.
ఆ మాట రాయకపోతే ఇదంతా అబద్ధం.

అక్టోబరులో చప్పుడు మారింది.
టక్ టక్ టక్ అనాల్సింది
టక్ టక్ ట్ట.
ఫిర్మీనో విన్నాడు. అతని భుజాలు కూడా విన్నాయి.
కాఫీ తాగి కప్పు బోర్లించాడు.
నేను విన్నాను. అరవైమందిమీ విన్నాం.
"ఆయనకన్నీ తెలుసుగా" అంది దెయొలిందా, కత్తి కడుగుతూ.
ఆ రోజుకి అదే ఆఖరి మాట.

ఆ రాత్రి సూపులో ఉప్పు చాలిందా అని నా కూతురడిగితే
"నువ్వెలా అంటే అలా" అన్నాను.
అది గరిటె పట్టుకుని
నావైపే చూసింది కాసేపు.

నెల తిరక్కుండా గోదాములో
వల్దెమార్ మొహాలు ఉబ్బడం మొదలుపెట్టాయి.
కంటికానని సందులోంచి ఏదో చేరి
బుగ్గలు పొంగి, మీసం వంకరపోయి,
పద్దెనిమిది వేల డబ్బాలు.
తనను తాను అనుకున్నంత పెద్దగా
మొదటిసారి చూసుకున్నాడేమో.
ఫిర్మీనోని ఇంటికి పంపారు.
వల్దెమార్‌ని పోర్తో ఆఫీసుకి, ఇంకా పెద్ద కుర్చీకి.

ఇప్పుడొచ్చినావిడ పేరు ఇల్దా.
మంచి మనిషిలాగే ఉంది.
డబ్బా మీదకి పడవ తిరిగొచ్చింది.
మొన్న వలటోపీ పెట్టుకుని మా బల్లల మధ్యకొచ్చి
"చప్పుడేమైనా తేడాగా ఉందా?
నాకంటే మీకే బాగా తెలుస్తుంది" అంది.

నోరు తెరిచాను.
మాట బదులు నవ్వొచ్చింది,
ఆ పాత నవ్వే, సరిగ్గా అంతే పొడుగు.
నా పక్కనామె అందుకుంది. ఆపైన జుల్మీరా.
తనేం జోకేసిందో అర్థంకాక
ఇల్దా మా మొహాలు ఒక్కొక్కటే చూస్తూ నిలబడింది.

వెనకాల మిషను
టక్ టక్ ట్ట.